కాలు లేవడం లేదని పేషెంట్ చెబితే వెంటనే ఫోన్ చేయండి

మోకాలి మార్పిడి, సిజేరియన్, గర్భసంచి, హెర్నియా ఆపరేషన్లు జరిగే మన రెండు రాష్ట్రాల ఆసుపత్రుల యాజమాన్యాలకు, సర్జన్లకు, డ్యూటీ డాక్టర్లకు, ముఖ్యంగా రాత్రి డ్యూటీ చేసే సిస్టర్లకు,

నమస్కారం.

నేను ఇరవై రెండేళ్లుగా మత్తు డాక్టర్‌గా పనిచేస్తున్నాను. ఊరు పెద్దదేమీ కాదు, ఒక జిల్లా కేంద్రం. పొద్దున ఒక ఆసుపత్రి, మధ్యాహ్నం ఇంకో ఆసుపత్రి, అర్ధరాత్రి సిజేరియన్ ఉందని ఫోన్ వస్తే మరో నర్సింగ్ హోమ్. నాలాంటి వాళ్లందరి బతుకూ ఇంతే. మేం నడుముకు ఇంజెక్షన్ ఇస్తాం, ఆపరేషన్ అయ్యేదాకా పక్కనే ఉంటాం, పేషెంట్ వార్డుకు వెళ్లాక ఇంకో చోటికి పరిగెడతాం. ఆ తర్వాత పేషెంట్‌ను చూసేది మీరే. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

నేను చెప్పాలనుకున్నది ముందే చెప్పేస్తాను. నడుముకు మత్తు ఇచ్చిన పేషెంట్ నాలుగు గంటలు దాటినా మంచం మీద నుంచి కాలు ఎత్తలేకపోయినా, ఒకసారి కదిలిన కాళ్లు మళ్లీ బరువెక్కినా, దాన్ని "మత్తు ఇంకా దిగలేదులే" అని వదిలేయకండి. వెన్నెముక లోపల రక్తం కారి గడ్డకట్టి, నరాలను నొక్కేస్తున్న మొదటి గుర్తు అదే కావచ్చు. ఇది చాలా అరుదు. కానీ వచ్చినప్పుడు మన చేతిలో ఉండేది గంటలే.

కొన్నేళ్ల కిందట జరిగింది చెబుతాను. ఆసుపత్రి పేరు చెప్పను, ఆ కుటుంబం ఊరూ చెప్పను. ఆమె వయసు అరవై తొమ్మిది. రెండు మోకాళ్లూ అరిగిపోయి, గుడి మెట్లెక్కడం మానేసి నాలుగేళ్లయింది. ముందు కుడి మోకాలు చేద్దామన్నారు. నడుములోకి ఎపిడ్యూరల్ ట్యూబ్ వేశాను. పెన్ను రీఫిల్ కన్నా సన్నటి ట్యూబ్ అది. ఆపరేషన్ అయ్యాక కూడా అందులోంచి నొప్పి తెలియకుండా కొద్దికొద్దిగా మందు వెళ్తుంటుంది. అంతా బాగా జరిగింది. రెండోరోజు సాయంత్రం ఆమె నన్ను చూసి "నొప్పే లేదు నాయనా, ఇంత సుఖంగా ఉంటుందంటే ఎప్పుడో చేయించుకునేదాన్ని" అంది. కేస్ షీట్‌లో "రేపు ఉదయం ఎపిడ్యూరల్ ట్యూబ్ తీసేయాలి" అని రాసి ఇంటికొచ్చాను.

ఎన్నింటికి తీయాలో రాయలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆమెకు కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసే ఎనాక్సపారిన్ ఇంజెక్షన్ పడింది. రోజూ వేసేదే, సర్జన్ రాసిందే. ట్యూబ్‌లోంచి వెళ్లే మందు కూడా ఆ వేళకే ఆపేశారు. ఎనిమిదిన్నరకు రౌండ్స్‌లో నా నోట్ చూసి ట్యూబ్ లాగేశారు. అంటే ఇంజెక్షన్ బాగా పనిచేయడం మొదలుపెట్టిన సమయంలో. పదింటికి ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి వాకర్‌తో నిలబెట్టాడు. నాలుగడుగులు వేసింది. మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం పెడుతుంటే కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయని కూతురితో చెప్పింది. కూతురు వెళ్లి సిస్టర్‌తో చెప్పింది. సిస్టర్ డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేస్తే, "ఎపిడ్యూరల్ కేసు కదా, మత్తు ఉంటుంది, సాయంత్రానికి తగ్గిపోతుంది" అన్నాడు. సాయంత్రం షిఫ్ట్ మారింది. కొత్తగా వచ్చిన సిస్టర్‌కు అప్పగించేటప్పుడు బీపీ, షుగర్, డ్రెస్సింగ్, యూరిన్ ఎంత వచ్చిందో చెప్పారు. తిమ్మిరి సంగతి ఆ మాటల్లో రాలేదు.

రాత్రి తొమ్మిదికి కూతురు తల్లి కాళ్లకు నూనె రాద్దామని కూర్చుంది. బొటనవేలు గిల్లి చూసింది. తెలియలేదు. గట్టిగా గిల్లింది. తెలియలేదు. అప్పుడు ఏడుస్తూ వెళ్లి కౌంటర్ దగ్గర నిలబడి, "మత్తు డాక్టర్ గారి నంబరు ఇవ్వండి" అని అడిగింది. నాకు వచ్చిన ఫోన్ అదే, ఆ కూతురు చేసింది.

నేను వెళ్లేసరికి తొమ్మిదిన్నర దాటింది. దుప్పటి తీశాను. రెండు పాదాలూ చెరో పక్కకు వాలిపోయి ఉన్నాయి. నిద్రపోయే మనిషి పాదాలు కూడా అలా ఉండవు, కొంచెం బిగువు ఉంటుంది. స్పిరిట్‌లో ముంచిన దూది పాదం మీద పెట్టి "చల్లగా ఉందా అమ్మా?" అన్నాను. "ఏం తెలియడం లేదు నాయనా." పిక్క మీద పెట్టాను, తొడ మీద పెట్టాను. అదే మాట. బొడ్డు కిందికి వచ్చాక "ఆ, ఇక్కడ చల్లగా ఉంది" అంది. నా వెన్ను జలదరించింది. ట్యూబ్ తీసి పదమూడు గంటలయింది. పొద్దున నడిచిన మనిషి. పోయిన మత్తు మళ్లీ మందు వేయకుండా దానంతటది తిరిగి రాదు. ఈ చిన్న విషయం మధ్యాహ్నం ఒంటిగంటకు ఎవరికైనా తట్టి ఉంటే...

ఎమ్మారై తీసేసరికి పదకొండు. ఫిల్ముల్లో వెన్నుపాము వెనకవైపు, నడుము నుంచి పైదాకా, కోలగా రక్తపు గడ్డ. వెన్నుపాము సన్నగా నలిగిపోయి ఉంది. మా ఊళ్లో ఆ ఆపరేషన్ చేసే న్యూరోసర్జన్ లేడు. సిటీకి అంబులెన్స్‌లో రెండున్నర గంటలు. తెల్లవారుజామున నాలుగింటికి వెన్నెముక వెనక ఎముక తీసి గడ్డను తొలగించారు. మొదటి తిమ్మిరికి, ఆపరేషన్‌కు మధ్య పదిహేను గంటలు. ఆమె ఇప్పటికీ చక్రాల కుర్చీలోనే ఉంది. ఎడమ పాదం కొంచెం కదులుతుంది. యూరిన్‌కు పైపు ఉంది. కొత్త మోకాలు మాత్రం బ్రహ్మాండంగా ఉంది, ఎక్స్‌రేలో.

ఇందులో నా తప్పు ఉంది. టైమ్ రాయకపోవడం నా తప్పు. ఆ పొద్దున్నే ఒకసారి ఫోన్ చేసి "ఇంజెక్షన్ ఎప్పుడు వేశారు?" అని అడగకపోవడం నా తప్పు. ఆ సంగతి ఆమె కొడుకూ కూతురికీ చెప్పాను. సిస్టర్‌నో, డ్యూటీ డాక్టర్‌నో తిట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. అక్కడున్న ప్రతి మనిషీ తనకు తెలిసిన పని చేశాడు. ఏం చూడాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్లలో నేనే మొదటివాణ్ని.

లోపల ఏం జరుగుతుందో సులువుగా చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తే మిగతాదంతా గుర్తుంటుంది. వెన్నుపామును కప్పి ఒక పొర ఉంటుంది. ఆ పొరకూ, ఎముకకూ మధ్య కొద్దిగా ఖాళీ. అందులో కొవ్వు, సన్నటి సిరల వల ఉంటాయి. స్పైనల్ సూది ఆ ఖాళీని దాటి, పొర లోపల ఉండే నీటిలోకి వెళ్తుంది. ఎపిడ్యూరల్ ట్యూబ్ ఆ ఖాళీలోనే ఉండిపోతుంది. సూదో ట్యూబో ఒక సిరకు తగలడం కొత్తేమీ కాదు. మామూలు మనిషికి అది దానంతటదే ఆగిపోతుంది. రక్తం గడ్డకట్టే గుణం తగ్గిన మనిషికి ఆగదు. చేతి మీద దెబ్బ తగిలితే వాపు బయటికి వస్తుంది, చర్మం సాగుతుంది. ఇక్కడ చుట్టూ ఎముక. సాగడానికి చోటు లేదు. కారిన రక్తం నరాలనే నొక్కుతుంది, వాటికి రక్తం అందనీయదు. వయసు మళ్లిన ఆడవాళ్లకు ఎముకలు అరిగి, వంకరపోయి ఆ ఖాళీ ముందే ఇరుకుగా ఉంటుంది. కొంచెం రక్తం చాలు.

స్వీడన్‌లో 1990 నుంచి 1999 వరకు పదేళ్లు దేశమంతటి లెక్క తీశారు. దాదాపు 12 లక్షల 60 వేల స్పైనల్స్, 4 లక్షల 50 వేల ఎపిడ్యూరల్స్. మొత్తం మీద 33 మందికి ఇలా రక్తం గడ్డకట్టింది. కాన్పు కోసం ఎపిడ్యూరల్ తీసుకున్న వాళ్లలో 2 లక్షల మందికి ఒకరు. అదే మోకాలి మార్పిడి కోసం ఎపిడ్యూరల్ తీసుకున్న ఆడవాళ్లలో 3,600 మందికి ఒకరు. ఈ రెండు అంకెల మధ్య తేడా చూడండి. మత్తు అదే, సూది అదే. పడుచు తల్లికీ, మోకాళ్లరిగిన పెద్దామెకూ ప్రమాదం ఒకటి కాదు. మన జిల్లా కేంద్రాల్లో ఇప్పుడు మోకాలి మార్పిడి బోర్డు లేని వీధి లేదు. నేను భయపడేది ఆ మూడువేల ఆరువందల్లో ఒకరి గురించే.

అలాగని నడుము మత్తు వద్దని ఎవరికీ చెప్పకండి. బ్రిటన్‌లో 2006 సెప్టెంబరు నుంచి ఏడాది పాటు జరిగిన 7 లక్షలకు పైగా స్పైనల్, ఎపిడ్యూరల్ కేసులను వెంటాడి చూస్తే, శాశ్వతంగా నష్టపోయినవాళ్లు, ఎంత కఠినంగా లెక్కేసినా, లక్షకు నలుగురు. అందులో రక్తపు గడ్డ వల్ల నష్టపోయినవాళ్లు ఇంకా తక్కువ. సిజేరియన్‌కు స్పైనల్ కన్నా మంచి మత్తు చాలామంది తల్లులకు లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్లే. అన్ని ఎందుకు జరుగుతున్నాయన్నది వేరే చర్చ, దాని మీద నాకు కోపం ఉంది, ఇక్కడ వద్దు. కానీ వాటిలో చాలావరకు నడుముకు సూది వేసే చేస్తారు. ఇంతమందికి ఇచ్చే మత్తుకు వార్డులో ఎంత గమనింపు ఉండాలి?

మన జనం నడుము ఇంజెక్షన్ గురించి భయపడేది ఒకందుకు, భయపడాల్సింది ఇంకొకందుకు. "సిజేరియన్‌కు నడుములో సూది వేశారు, అప్పట్నుంచీ నడుము నొప్పి" అని ప్రతి ఇంట్లో ఒకరు చెబుతారు. పిల్లల్ని మోయడం, వంగి పనిచేయడం, గర్భంలో సాగిన కీళ్లు, వీటన్నిటి నొప్పినీ ఆ సూది నెత్తిన వేస్తారు. ఆ నొప్పి గురించి అందరికీ తెలుసు. కాళ్లు రాకపోతే అరవాలన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించుకునే కాగితం మీద కూడా ఉండదు. ఉన్నా ఇంగ్లీషులో ఉంటుంది.

ఇంకో అపోహ మన డాక్టర్లలోనే ఉంది. వెన్నులో రక్తం గడ్డకడితే నడుము విపరీతంగా నొప్పి పుడుతుందని చదువుకున్నాం. నొప్పి లేదు కాబట్టి ఏమీ లేదనుకుంటాం. 1906 నుంచి 1994 వరకు ప్రపంచ వైద్య పత్రికల్లో వచ్చిన 61 కేసులను ఒకచోట చేర్చి 1994లో ఒక సమీక్ష వచ్చింది. అందులో చాలామందికి మొదటి గుర్తు నొప్పి కాదు, తిమ్మిరో, కాళ్ల బలహీనతో పెరుగుతూ పోవడం. కొందరికి యూరిన్ ఆగిపోవడం. ఆ 61 మందిలో 42 మందికి రక్తం గడ్డకట్టే విషయంలో ఏదో లోపమో, రక్తం పలచన చేసే మందో ఉంది. 32 మందికి ఎపిడ్యూరల్ ట్యూబ్ ఉంది, వాళ్లలో 15 మందికి ట్యూబ్ తీసిన వెంటనే మొదలైంది. సూది వేసేటప్పుడే జాగ్రత్త అనుకుంటాం. ట్యూబ్ లాగేటప్పుడూ అంతే జాగ్రత్త కావాలి. ఎనిమిది గంటల లోపు ఆపరేషన్ జరిగినవాళ్లు కోలుకునే అవకాశం ఎక్కువని ఆ సమీక్షే తేల్చింది. నా పేషెంట్‌కు పదిహేను.

ఎనాక్సపారిన్ ఇంజెక్షన్ గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1997 డిసెంబరులోనే హెచ్చరిక చేసింది. నడుము మత్తు తీసుకున్న పేషెంట్లకు ఆ ఇంజెక్షన్ పడ్డాక కాళ్లు పడిపోయిన కేసులు వరుసగా బయటపడ్డాక. 2013లో మళ్లీ చెప్పింది, ఈసారి ముఖ్యంగా ట్యూబ్ తీసే టైమ్ గురించి. అంటే నా పేషెంట్‌కు జరిగింది ఎవరూ ఊహించని వింత కాదు. ప్రపంచానికి ఎప్పుడో తెలిసిన సంగతి మా వార్డు గోడ దాకా రాలేదు.

ఆ లెక్క ఇదిగో. రోజుకొకసారి వేసే చిన్న డోసు, అంటే మామూలుగా 40 మిల్లీగ్రాములు, పడ్డాక కనీసం 12 గంటలు ఆగి నడుముకు సూది వేయాలి, 12 గంటలు ఆగే ట్యూబ్ తీయాలి. బరువును బట్టి ఇచ్చే పెద్ద డోసయితే 24 గంటలు. ట్యూబ్ తీశాక తర్వాతి ఇంజెక్షన్‌కు కనీసం 4 గంటలు ఆగాలి. రాత్రి ఎనిమిదికి ఇంజెక్షన్ పడితే, పొద్దున తొమ్మిదికి ట్యూబ్ తీస్తే, ఏ ఇబ్బందీ లేదు. ఆరింటికి ఇంజెక్షన్ వేసే అలవాటున్న వార్డులో ట్యూబ్ తీయడం సాయంత్రం ఆరు దాటాకే. అందుకే ఇంజెక్షన్ టైమూ, ట్యూబ్ తీసే టైమూ ఒకే కాగితం మీద, పక్కపక్కన రాసి ఉండాలి. ఒకటి మందుల చార్టులో, ఒకటి మత్తు నోట్‌లో ఉంటే ఎవరూ రెండూ కలిపి చూడరు. మేం చూడలేదు కదా.

మాత్రల సంగతి ఇంకా కష్టం. "ఏమైనా బిళ్లలు వాడుతున్నారా?" అని అడిగితే "బీపీ, షుగరే" అంటారు. స్టెంట్ వేసినప్పుడు ఇచ్చిన మాత్రను చాలామంది బీపీ మాత్రల్లోనే లెక్కేసుకుంటారు. ఒకసారి హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన పెద్దాయన్ను టేబుల్ మీద కూర్చోబెట్టి, వీపు శుభ్రం చేయబోతూ మళ్లీ అడిగాను. ఏమో, మా అబ్బాయికే తెలుసన్నాడు. బయట కొడుకు స్కూటర్ డిక్కీలోంచి మందుల కవర్ తెచ్చాడు. అందులో రక్తం పలచన చేసే టికాగ్రెలార్ మాత్రల స్ట్రిప్, సగం ఖాళీ. ఆరోజు ఆపరేషన్ ఆపేశాను. మంచిరోజు చూసుకుని వచ్చామని ఇంటిల్లిపాదీ నా మీద మండిపడ్డారు. గుండె డాక్టర్‌తో మాట్లాడి, ఎన్నిరోజులు ఆపొచ్చో కనుక్కొని, పదిరోజుల తర్వాత చేశాం. కాబట్టి నోటి మాట నమ్మకండి, స్ట్రిప్పులు తెమ్మనండి. ఒక్క ఆస్పిరిన్ మాత్రమే వాడుతుంటే నడుము మత్తుకు సాధారణంగా అడ్డం కాదు. క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ అయితే కనీసం అయిదు నుంచి ఏడు రోజులు ఆగాలి. అపిక్సబాన్, రివరాక్సబాన్ అయితే మూడు రోజులు. వార్ఫరిన్ అయితే అయిదు రోజులు ఆపి, రక్త పరీక్షలో ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే లెక్క, మామూలుకు వచ్చిందని చూసుకోవాలి. పేషెంట్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట: ఇవి మీ అంతట మీరు ఆపేసే మాత్రలు కావు. ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టర్, మత్తు డాక్టర్ మాట్లాడుకుని చెప్పాలి.

గర్భిణుల విషయంలో చూడాల్సింది ప్లేట్‌లెట్లు. బీపీ బాగా పెరిగిన గర్భిణికి ప్లేట్‌లెట్లు గంటల్లో పడిపోవచ్చు. వానాకాలంలో డెంగీతో వచ్చే గర్భిణుల సంగతి మీకు చెప్పక్కర్లేదు. మొన్నటి రిపోర్టు చూపించి "లక్షా ఇరవై ఉన్నాయి సార్, ఇచ్చేయండి" అంటారు. అలాంటి తల్లికి మొన్నటి రిపోర్టు పనికిరాదు, ఈరోజుది కావాలి. 70 వేలకు పైన ఉండి, వేరే రక్తస్రావ లక్షణాలు లేకపోతే చాలావరకు ధైర్యంగా ఇవ్వొచ్చని మత్తు వైద్య సంఘాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంకె ఒక్కటే చాలదు, పడిపోతూ ఉందా, నిలకడగా ఉందా అన్నదీ చూడాలి. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా, సెలైన్ సూది పెట్టిన చోట రక్తం ఆగుతోందా, ఇవి మాకన్నా ముందు మీ కళ్లకే కనబడతాయి.

ఇప్పుడు సిస్టర్లతో మాట్లాడాలి.

మీరు చేయాల్సిన పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు. స్పైనల్ ఇచ్చిన టైమ్ నుంచి, ఎపిడ్యూరల్ అయితే చివరి డోసు వేసిన టైమ్ నుంచి, నాలుగు గంటలకు పేషెంట్ దగ్గరికి వెళ్లండి. "అమ్మా, మోకాలు వంచకుండా మడమ మంచం మీద నుంచి పైకెత్తండి" అనండి. ముందు ఒక కాలు, తర్వాత రెండోది. ఎత్తితే రాసుకోండి. ఎత్తలేకపోతే మత్తు డాక్టర్‌కు ఫోన్ చేయండి. బ్రిటన్‌లో 2020లో కాన్పు వార్డుల కోసం మత్తు డాక్టర్ల సంఘం ఇచ్చిన నియమం ఇదే. ఇంత చిన్న పరీక్ష కాబట్టే ఎవరూ పట్టించుకోరేమోనని నా బాధ.

మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు కట్టు బరువుకూ, నొప్పికీ ఆ కాలు ఎత్తలేరు. అప్పుడు రెండో కాలు చూడండి, పాదం పైకీ కిందికీ ఆడించమనండి. నొప్పికోసం తొడలోనో మోకాలి దగ్గరో విడిగా ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే ఆ ఒక్క కాలే బరువుగా ఉంటుంది. ఆపరేషన్ చేయని కాలు కూడా కదలడం లేదంటే అది వేరే కథ. యూరిన్ పైపు ఉన్న పేషెంట్‌కు యూరిన్ ఆగిపోయిన సంగతి మనకు తెలియదు, బ్యాగ్ నిండుతూనే ఉంటుంది. కాబట్టి పైపు ఉన్నవాళ్ల కాళ్లను ఇంకా జాగ్రత్తగా చూడాలి. ట్యూబ్ తీశాక ఆ రోజంతా నాలుగు గంటలకోసారి చూడండి. షిఫ్ట్ మారేటప్పుడు బీపీ, షుగర్‌తో పాటు "కాళ్లు కదులుతున్నాయి" అన్న మాట కూడా చెప్పండి.

తలనొప్పి గురించి కూడా ఒక మాట. స్పైనల్ తర్వాత లేచి కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే తగ్గడం, మీకు తెలిసిందే. లోపలి నీరు కారడం వల్ల వస్తుంది, చాలావరకు తగ్గిపోతుంది. అయితే ఆ నీరు తగ్గి మెదడు కొంచెం కిందికి జారినప్పుడు, పైనున్న సన్నటి సిర తెగి తలలో రక్తం చేరడం ఎక్కడో ఒకరికి జరుగుతుంది. పడుకున్నా తగ్గని తలనొప్పిగా మారితే, వాంతులో, మగతో, చూపు మసకో తోడైతే, కాఫీ తాగించి ఇంటికి పంపకండి. తలకు స్కాన్ తీయించండి. బాలింత ఇంటికి వెళ్లాక వారం తర్వాత కూడా ఇలా మొదలవచ్చు, కాబట్టి డిశ్చార్జి కాగితంలో తెలుగులో రాసి ఇవ్వండి.

మీరు ఫోన్ చేయడానికి ఎందుకు వెనకాడతారో నాకు తెలుసు. రాత్రి రెండింటికి పెద్ద డాక్టర్‌ను లేపితే ఏమంటాడోనని టెన్షన్. ఒకసారి ఒక చిన్న ఆసుపత్రిలో, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా కాని సిస్టర్ నాకు రాత్రి ఒంటిగంటన్నరకు ఫోన్ చేసింది. "సార్, సిజేరియన్ అమ్మాయి అయిదు గంటలైనా కాళ్లు ఎత్తడం లేదు. ఏమీ కాదని అంటున్నారు, కానీ నాకు భయంగా ఉంది." వెళ్లాను. ఎడమకాలు కొద్దిగా కదిలింది, కుడికాలు అసలు కదల్లేదు. ఎమ్మారై తీయించాం. రక్తమేమీ లేదు. తెల్లారేసరికి రెండు కాళ్లూ వచ్చేశాయి, మత్తే కొంచెం ఎక్కువసేపు ఉంది. స్కాన్ డబ్బులు దండగయ్యాయని మేనేజర్ ఆ అమ్మాయిని మందలించాడు. నేను ఆయన గదికి వెళ్లి, ఆ అమ్మాయి చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని అని చెప్పాను. ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాను. అలాంటి ఫోన్లు వందసార్లు వచ్చి, వందసార్లూ స్కాన్‌లో ఏమీ లేకపోయినా నేను లేచి వస్తాను. తోటి మత్తు డాక్టర్లను కూడా వేడుకుంటున్నాను, ఆ ఫోన్‌కు విసుక్కోకండి. మీరు ఒక్కసారి విసుక్కుంటే ఆ సిస్టర్ ఇంకెప్పుడూ చేయదు.

యాజమాన్యాలకు నా మనవి డబ్బు ఖర్చయ్యేదేమీ కాదు. మత్తు డాక్టర్ నంబరు సిస్టర్ల కౌంటర్ దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. సిస్టర్ నేరుగా ఫోన్ చేయొచ్చని, డ్యూటీ డాక్టర్ అనుమతి అక్కర్లేదని లిఖితపూర్వకంగా ఇవ్వండి. రాత్రిపూట ఎమ్మారై ఎక్కడ తీస్తారో, వెన్నెముక ఆపరేషన్ చేసే న్యూరోసర్జన్ ఎక్కడున్నాడో, అక్కడికి ఎంతసేపు పడుతుందో ముందే కనుక్కొని రాసి పెట్టండి. ఆ రాత్రి మేం మూడు ఆసుపత్రులకు ఫోన్ చేశాం. ఒకచోట బెడ్ లేదు, ఇంకోచోట అడ్వాన్స్ సంగతి మాట్లాడారు. ఆ ఫోన్లకే ముప్పావు గంట పోయింది. నా పేషెంట్ నరాలు ఆ ముప్పావు గంటా నలుగుతూనే ఉన్నాయి.

ఆరోగ్య శాఖల పెద్దలను అడిగేది ఒక్కటే. ఇలాంటి రోగిని జిల్లా నుంచి పెద్దాసుపత్రికి పంపేటప్పుడు, గుండెపోటు, పక్షవాతం కేసులకు ఇచ్చే తొందరే దీనికీ ఇవ్వమని రాతపూర్వకంగా చెప్పండి. కాగితాలు తర్వాత చూసుకోవచ్చు. ఆపరేషన్‌కు ముందు సంతకం తీసుకునే ఫారం తెలుగులో ఉండాలని, "మత్తు దిగాక మళ్లీ కాళ్లు బరువెక్కితే వెంటనే చెప్పండి" అన్న వాక్యం అందులో ఉండాలని ఆదేశించండి. ఆ వాక్యం ముందే విని ఉంటే ఆ కూతురు మధ్యాహ్నం ఒంటిగంటకే నాకు ఫోన్ చేసి ఉండేది.

ఆమెను నేను అప్పుడప్పుడూ వెళ్లి చూస్తాను. మొదట్లో ఆ ఇంటి గుమ్మం తొక్కడానికి కాళ్లు రాలేదు. ఆమే కబురు పెట్టింది. కిందటిసారి వెళ్లినప్పుడు, చక్రాల కుర్చీలో వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎడమ పాదం చూపించి, "చూడు నాయనా, బొటనవేలు ఇంకొంచెం ఎక్కువ కదులుతోంది" అంది. కిందికి వంగి చూశాను. కదిలింది.

మా ఆసుపత్రిలో ఇప్పుడు ఒక కాగితం వాడుతున్నాం. ఒకే పేజీ. పైన రక్తం పలచన చేసే ఇంజెక్షన్ వేసిన టైమ్, దాని పక్కన ట్యూబ్ తీయొచ్చు అన్న టైమ్, కింద నాలుగు గంటలకోసారి కుడికాలు, ఎడమకాలు అని రెండు గళ్లు, చివర నా ఫోన్ నంబరు. అచ్చు వేయించక్కర్లేదు, చేత్తో గీసుకున్నా చాలు. రేపు పొద్దున షిఫ్ట్ మారేటప్పుడు మీ వార్డులో ఒకటి గీయించండి.

నమస్కారాలతో,
జిల్లా కేంద్రంలోని ఒక మత్తు డాక్టర్